నీ ఒక్క సిస్టమ్‌కే ఏమొచ్చింది?

చెల్లెమ్మా, ఆఫీసులో అందరి దగ్గరా బుద్ధిగా నడిచే ప్లగిన్ నీ ఒక్కదాని కంప్యూటర్‌లోనే మొరాయిస్తే ఎంత చిరాగ్గా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైగా పక్క సీటాయన, "అందరికీ వస్తోందమ్మా, నువ్వేం నొక్కావో చూసుకో" అంటాడు చూడు, ఒళ్లు మండిపోతుంది. ముందు ఆ మాట చెవిన పెట్టకు. ప్లగిన్ అందరి దగ్గరా చెడితే అది రాసినవాళ్లు బాగుచేసేదాకా మన చేతుల్లో ఏమీ లేదు. ఒక్కచోటే చెడిందంటే నీ సిస్టమ్‌కీ ఆయన సిస్టమ్‌కీ ఎక్కడో తేడా ఉన్నట్టు. పోల్చి చూసుకోవడానికి బాగున్న సిస్టమ్ పక్కనే ఉంది, ఇంకేం కావాలి?

ఆడిటర్ ఆఫీసుల్లో రోజూ వాడేదే తీసుకుందాం. బిల్లులో అంకె కొట్టగానే కింద ‘రూపీస్ వన్ లాక్ ట్వంటీ థౌజండ్ ఓన్లీ’ అని రావాలి. ఎక్సెల్‌లో థాయ్‌లాండ్ వాళ్ల బాత్‌ని అక్షరాల్లో రాసిపెట్టే ఫార్ములా పుట్టుకతోనే ఉంది, బాత్‌టెక్స్ట్ అని. మన రూపాయికి ఆ భాగ్యం లేదు. అందుకే ఎవరో రాసిన యాడ్-ఇన్, చివర ‘ఎక్స్‌ఎల్‌ఏఎమ్’ అని ఉండే చిన్న ఫైలు, ఒకరి నుంచి ఒకరికి చేరుతూ ఉంటుంది. నీ దగ్గర యాడ్-ఇన్స్ లిస్టులో దానికి టిక్కు ఉంటుంది, ఎర్రర్ ఏదీ రాదు. సెల్‌లో మాత్రం ‘#నేమ్?’ అని వెక్కిరిస్తుంది.

ఫైలు ఒక్కటే కదా అంటావు. ఫైలు ఒక్కటే, అది వచ్చిన దారి వేరు. మిగతావాళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నారు, నువ్వు మెయిల్లోంచి డౌన్‌లోడ్ చేసుకున్నావు అనుకో. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలుకి విండోస్ కంటికి కనిపించని ముద్ర ఒకటి వేస్తుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మేట్ చేసిన పెన్‌డ్రైవ్‌కి ఆ ముద్రను మోసే వీలు లేదు, కాపీ చేయగానే రాలిపోతుంది. కాబట్టి వాళ్లది నడిచింది, నీది ఆగింది. 2016 జులైలో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ల నుంచి ఎక్సెల్ ఇలాంటి యాడ్-ఇన్‌ని చెప్పాపెట్టకుండా పక్కనపెట్టేస్తోంది. ఆపితే ఆపింది, ఆపానని ఒక్క ముక్క చెప్పొచ్చుగా!

ఎక్సెల్ మూసేసి, ఆ ఫైలు మీద రైట్‌క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరువు. జనరల్ అన్న చోట అడుగున ‘అన్‌బ్లాక్’ అని చిన్న గడి కనిపిస్తే టిక్కు పెట్టి ఓకే చెయ్యి. ఎవరు పంపారో తెలిసిన ఫైలుకే సుమా, కనిపించినదానికల్లా పెట్టకు.

అది కాకపోతే ఫార్ములా మీద క్లిక్ చేసి పైన బార్‌లో చూడు. ఫార్ములా పేరు ముందు సీ డ్రైవ్, యూజర్స్, ఆ తర్వాత పక్క సీటాయన పేరు, ఇలా చాంతాడంత అడ్రస్ ఉందా? ఆ షీట్ ఆయన సిస్టమ్‌లో తయారైంది. నీ దగ్గర కూడా ఆయన ఫోల్డర్‌నే వెతుకుతోంది, ఎలా దొరుకుతుంది? డేటా మెనూలో ఎడిట్ లింక్స్‌కి వెళ్లి, చేంజ్ సోర్స్ నొక్కి నీ దగ్గరున్న ఫైలు చూపించు.

ఇంకోటి, ఎప్పుడైనా ఎక్సెల్ క్రాష్ అయితే అనుమానం వచ్చిన యాడ్-ఇన్‌ని తనే డిజేబుల్డ్ ఐటమ్స్‌లో పడేస్తుంది. ఆప్షన్స్‌లో యాడ్-ఇన్స్ కింద, మేనేజ్ అన్న దగ్గర చూడు. కంట్రోల్ కీ నొక్కిపట్టి ఎక్సెల్ తెరిస్తే సేఫ్ మోడ్ కావాలా అని అడుగుతుంది, అందులో యాడ్-ఇన్స్ ఏవీ లోడ్ కావు. మామూలుగా తెరిస్తే మొరాయించే ఎక్సెల్ అక్కడ కుదురుగా ఉంటే, యాడ్-ఇన్‌లలోనే ఏదో తేడా చేస్తోందన్నమాట. ఒక్కొక్కటీ తీసి చూడు. ఒకేసారి నాలుగు మార్చావంటే ఏది పనిచేసిందో నీకే తెలియదు.

ఈలోగా సిస్టమ్ అబ్బాయి వచ్చి "ఫార్మేట్ కొట్టేద్దాం మేడమ్" అంటాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? ముందు విండోస్‌లో కొత్త యూజర్ అకౌంట్ ఒకటి చేసి, యాడ్-ఇన్ అందులో పెట్టి చూడమను. అక్కడ నడిస్తే గొడవ నీ ప్రొఫైల్ సెట్టింగుల్లోనే, విండోస్ జోలికి పోనక్కర్లేదు.

డీఎల్‌ఎల్ ఫైళ్లతో వచ్చే పెద్ద ప్లగిన్‌లైతే ఫైల్‌లో అకౌంట్, అందులో అబౌట్ ఎక్సెల్ తెరిచి 32-బిట్టో 64-బిట్టో రెండు సిస్టమ్‌లలోనూ చూడు. ఆఫీస్ 2019 నుంచి మనం ప్రత్యేకంగా అడక్కపోతే 64 బిట్టే ఎక్కుతుంది. 32-బిట్ ప్లగిన్ అందులో నడవదు, ఎన్ని టిక్కులు పెట్టినా అంతే. అమ్మినవాళ్లకి ఫోన్ చేసి 64-బిట్‌ది అడుగు. పక్క సీటాయనకి కూడా కొత్త సిస్టమ్ వస్తోందంటున్నావుగా, ఆయనకీ ఒకటి కలిపి అడిగెయ్.