శతాధిపతి కొరకు నడిచిన పెద్దలు
పాఠ్యభాగము: లూకా సువార్త 7:1–10



కపెర్నహూములోని శతాధిపతి కథను చదువునప్పుడెల్ల మనము ఆయన విశ్వాసమునే తలంచుకొందుము. అది న్యాయమే. అయితే ఆయన తరపున ప్రభువునొద్దకు వెళ్లిన యూదుల పెద్దలను గూర్చి మనము ప్రసంగములలో వినుట అరుదు. ఒక సైనికుని యింట రోగమున్నది. ఊరి పెద్దలు ఆ కష్టమును తమ నెత్తిన వేసుకొని బయలుదేరిరి. ఈ నెల పాఠము వారిని గూర్చినది.

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు సంఘములలో సైన్యములో పనిచేసి వచ్చిన పెద్దలు అక్కడక్కడ ఉన్నారు. పలమనేరు వైపు మాకు తెలిసిన హవల్దారు ఒకరు అట్టివారే. ఒక రాత్రి ఆయనకు గుండెనొప్పి వచ్చెను. ఇరుగుపొరుగువారు ఆటోలో దగ్గరి ఆసుపత్రికి చేర్చిరి. దేవుని కృపవలన ప్రాణము దక్కినది. మూడవ దినమున మేము రొట్టె, పండ్లు తీసికొని పోయి, మంచము చుట్టు నిలిచి ప్రార్థన చేసితిమి. ఆయనకు వైద్యపు కార్డు ఉన్నదా అని మాలో ఒక్కరును అడుగలేదు. ఆ కార్డు యింటిలో ఇనుప పెట్టె అడుగున, పాత యూనిఫారము క్రింద ఉండెను. భార్యకు తెలియదు, కుమారుడు బెంగుళూరులో ఉన్నాడు. గడువు దాటిన తరువాత సంగతి బయటపడినది. అప్పటికే టమాటా పండించు రెండెకరములు తాకట్టు పడినవి. ఈ తప్పును ఆసుపత్రి మీద వేయలేము. అది మనదే.

ఆ గడువేమనగా: మాజీ సైనికులకు 2003వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఒక ఆరోగ్య పథకమును ప్రారంభించెను. దానిని ఇ.సి.హెచ్.ఎస్. అందురు. పెన్షను పొందు మాజీ సైనికుడు ఒకసారి చందా కట్టినయెడల, ఆయనకును, భార్యకును, ఆయనమీద ఆధారపడిన పిల్లలకును, తలిదండ్రులకును నియమముల ప్రకారము వైద్యము దొరుకును. కుటుంబ పెన్షను పొందు వితంతువునకు కూడ ఇది వర్తించును. 1996 జనవరి 1కి ముందు పదవీ విరమణ చేసినవారికిని, యుద్ధ వితంతువులకును చందా లేదు. 2003 ఏప్రిల్ తరువాత పెన్షనుతో విరమించినవారు తప్పక సభ్యులగుదురు. అంతకు ముందు విరమించి, ఏమో కాగితములని చేరక విడిచినవారే మన సంఘములలో వెనుకబడినవారు.

పెద్ద సైనిక ఆసుపత్రులు మనకు బెంగుళూరులోను చెన్నైలోను ఉన్నవి. కుప్పము వారికైనను పుత్తూరు వారికైనను అవి దూరమే. కాబట్టి ఈ పథకము ఊరి ఆసుపత్రులతో పొత్తు కలుపుకొని నడచుచున్నది. మామూలుగా మొదట పాలీక్లినిక్కుకు పోవలెను. అక్కడి డాక్టరు చూచి మందులిచ్చును. జబ్బు పెద్దదైనచో ఒప్పందమున్న ఆసుపత్రికి చీటి వ్రాసియిచ్చును. అక్కడ రోగి సొమ్ము కట్టనక్కరలేదు. అయితే ఆ ఆసుపత్రుల జాబితా మారుచుండును; నిరుడున్నది ఈ యేడు ఉండకపోవచ్చును. బయలుదేరకముందే విచారించుట మేలు. ప్రాణాపాయ సమయములో దగ్గరనున్న ఏ ఆసుపత్రికైనను పోవచ్చును. అది జాబితాలో లేనిదైనచో ఇంటివారు 48 గంటలలోగా పాలీక్లినిక్కునకు తెలియజేసి, బిల్లు చెల్లించి, తరువాత పథకపు రేట్ల ప్రకారము తిరిగి అడుగవలెను. మన హవల్దారు ఇంట జారిపోయినవి ఈ 48 గంటలే.

పదునైదేండ్లు నిండకముందే సైన్యము విడిచి, పెన్షను లేక ఇంటికి వచ్చిన జవానులు మరికొందరున్నారు. వీరి స్థితి మరింత కష్టము. వీరు చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా వైద్య సహాయమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. 1949 నుండి ప్రతి డిశంబరు 7వ తేదీని సాయుధ దళముల పతాక దినముగా పాటించుచున్నారు. ఆ దినమున మన పిల్లలు బడిలో చిన్న జెండా కొని డబ్బాలో వేయు నాణెములు ఇట్టి సహాయమునకే చేరును. ఆ పెట్టె మన ముందుకు వచ్చినప్పుడు మనము ముఖము తిప్పుకొనుట కూడ కలదు.

పొత్తు మనకు క్రొత్త కాదు. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె యొద్ద ఆరోగ్యవరములో క్షయరోగుల ఆసుపత్రిని ఏదో ఒక్క మిషను కట్టలేదు. పలు మిషనులు కూడి 1912లో పునాది వేసి, 1915లో తెరచిరి. ఎవరికి వారే మోయదలచిన బరువైతే అది కొండకు చేరియుండదు.

ఇప్పుడు సంఘము మోయగల బరువు చిన్నదే. డిశ్చార్జి పుస్తకము ఎక్కడున్నదో, భార్య పేరు అందులో ఎట్లున్నదో చూచుట. ఇక్కడొక చిక్కు తరచు వచ్చును: సైన్యపు రికార్డులో పాత పేరు, మన రిజిస్టరులో బాప్తిస్మపు పేరు. భర్త పోయిన తరువాత ఆ రెండు పేర్లు ఒకరివేయని వితంతువు నిరూపించుకొనవలసి వచ్చును. భర్త బ్రదికియుండగానే దిద్దించుకొనుట సులభము. సంఘపు వివాహ రిజిస్టరు నకలు ఆ పనికి తోడ్పడవచ్చును గనుక, పాస్టరుగారలు దానిని చెదలు పట్టకుండ కాపాడవలెను. చదువుకొన్న యౌవనస్థుడొకడు ఆ పెద్దవానితో కార్యాలయమునకు ఒక దినము పోయి రావలెను. కూలి పోవును, నిజమే. బస్సు చార్జీ సంఘపు కానుకలోనుండి ఇచ్చుటకు ఎవరును అడ్డుచెప్పరనుకొందుము.

మొన్న మరల ఆ హవల్దారు ఇంటికి వెళ్లితిమి. కార్డు ప్లాస్టిక్కు సంచిలో, గోడమీది క్యాలెండరు ప్రక్కన మేకుకు వ్రేలాడుచున్నది. దాని క్రింద పాలీక్లినిక్కు ఫోను నంబరును బొగ్గుతో పెద్ద అంకెలలో వ్రాసినారు. అమ్మగారు చదువురాకపోయినను ఆ అంకెలను మాకు తడుముకొనక ఒప్పజెప్పినది.