సందేహాలు - సమాధానాలు: గుట్టలెక్కేవాళ్ల భయాలు

కార్తీకం వచ్చి చలిగాలి మొదలైతే మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టూ గుట్టలు పచ్చగా రమ్మంటాయి. ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఆ నడక గురించే. చాలామంది మొహమాటపడుతూనే అడిగారు. ఒంటి గురించి, ఇంట్లోవాళ్ల గురించి అడగడానికి మొహమాటం దేనికి?

నాకు యాభై రెండేళ్లు. బీపీ మాత్ర వేసుకుంటాను. హార్స్‌లీ హిల్స్‌కి కాలినడకన ఎక్కాలని ఆశ. పైన గాలి పలచగా ఉంటుందనీ, గుండెకు ప్రమాదమనీ మా ఆడపడుచు భయపెడుతోంది. మొన్న ఊరి పక్క గుట్ట ఎక్కితేనే దడదడలాడింది. వెళ్లొచ్చా?
— ఒక గృహిణి, మదనపల్లె

అమ్మా, ముందు ఆ గాలి భయం వదిలేయండి. హార్స్‌లీ కొండ ఎత్తు 4,000 అడుగుల పైచిలుకు. గాలి పలచబడి ఒంటికి ఇబ్బంది మొదలయ్యేది సాధారణంగా 8,000 అడుగులు దాటాకే. మదనపల్లే 2,000 అడుగుల పైన ఉంది కాబట్టి సగం ఎత్తు మీరు ఇంట్లో కూర్చునే ఎక్కేశారు. ఎక్కేటప్పుడు గుండె వేగంగా కొట్టుకోవడం, ఆయాసం రావడం మామూలే. పక్కవాళ్లతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే మీ నడక సరైన వేగంలో ఉన్నట్టు. మాట తెగుతుంటే ఏదైనా బండ మీద ఐదు నిమిషాలు కూర్చోండి. కూర్చున్నా తగ్గని ఆయాసం, ఛాతీ మధ్య బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు, వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆగి 108కి ఫోన్ చేయించండి. బీపీ మాత్ర ఆ రోజూ మానొద్దు, వెళ్లేముందు ఒకసారి మీ డాక్టరుకు చూపించుకోండి.

కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర 19వ శతాబ్దంలో అక్కడ వేసవి బంగళా కట్టుకోకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. కొండమీద ఒంటరిగా ఉన్న మల్లమ్మకు ఏనుగులే తిండి తెచ్చిపెట్టేవని చెప్పుకుంటారు. ఆ పేరుతో పిలవడమే నాకిష్టం.

మొక్కు తీర్చుకోవడానికి బోయకొండ ఎక్కి దిగాను. ఆ రోజు ఏమీ లేదు. రెండోనాటికి తొడలు రాయిలా బిగుసుకుపోయాయి, మెట్టు దిగాలంటే ప్రాణం పోతోంది. కండరం తెగిందా?
— ఒక దర్జీ, పుంగనూరు

తెగలేదు, నిశ్చింతగా ఉండండి. అలవాటు లేని కండరం, ముఖ్యంగా దిగేటప్పుడు బరువు ఆపిన తొడ కండరం, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా నొప్పి పెట్టడం చాలా మామూలు. అది వారంలోపే సర్దుకుంటుంది. పూర్తిగా పడుకోకుండా ఇంట్లోనే మెల్లగా తిరుగుతుండండి. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి వేడిగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. శని, ఆదివారాలు స్నేహితులతో వచ్చి కైగల్ జలపాతం, ఆ చుట్టుపక్కల అడవి అంటూ తిరుగుతున్నాడు. ఏనుగుల వార్త పేపర్లో వచ్చినప్పుడల్లా నాకు అన్నం సయించదు. నేను అనవసరంగా భయపడుతున్నానంటాడు.
— ఒక తల్లి, కుప్పం

అమ్మా, అడవిలో ప్రతి మలుపులోనూ ఏనుగు కాచుకుని ఉండదు. మనిషి అలికిడి వింటే చాలాసార్లు అదే తప్పుకుపోతుంది. అయినా మీ భయాన్ని తీసిపారేయమని నేను చెప్పను, ఈ విషయంలో మీ అబ్బాయికంటే మీరే సరిగ్గా ఆలోచిస్తున్నారు.

1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు ఇటు రావడం మొదలైంది. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పలమనేరు, కుప్పం మధ్య 350 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్న ఆ అడవిలో ఏనుగులు ఒకచోట నిలవవు. నీళ్లకోసం, మేతకోసం, చేలల్లో రాగికోసం, చెరకుకోసం కదులుతూనే ఉంటాయి. పంట నష్టపోయిన రైతులు, ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నాయి. 2025లో కర్ణాటక నుంచి, అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చుకోవలసి వచ్చిందంటేనే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది.

మీ అబ్బాయికి నా మాటగా ఇవి చెప్పండి. అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అనుమతి తీసుకుంటే గుంపు ఆ రోజు ఏ వైపు ఉందో కూడా వాళ్లే చెబుతారు. బయలుదేరేముందు దగ్గరి ఊళ్లో ఆగి, రాత్రి టపాసులు కాల్చారా అని అడగాలి. కాల్చారంటే ఏనుగులు చేలదాకా వచ్చాయన్నమాట, ఆ పూట నడక మానుకోవాలి. దోవలో తడి ఆరని లద్దె, అప్పుడే విరిగిన కొమ్మ, చెట్టు మానుకి ఏనుగు ఎత్తున రాసుకున్న పచ్చి బురద, వీటిలో ఏది కనిపించినా చప్పుడు చేయకుండా వచ్చిన దోవనే వెనక్కి తిరగాలి. తెల్లవారుజామున, పొద్దుగూకాక అసలు తిరగకూడదు. ఒంటరి మగ ఏనుగు దగ్గరికి గానీ, పిల్లలున్న గుంపు దగ్గరికి గానీ ఫొటో కోసం వెళ్లడమంటే చావుకి ఎదురెళ్లడమే.

జలపాతం దగ్గర మాత్రం ఏనుగుకంటే పాచి పట్టిన బండే ఎక్కువ ప్రమాదం. అక్కడ గుండంలోకి దూకొద్దని గట్టిగా చెప్పండి.

మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు. గుట్టల్లో నడిచొచ్చిన పది రోజులకు జ్వరం, విపరీతమైన తలనొప్పి. డెంగీ కాదన్నారు, టైఫాయిడ్ కాదన్నారు. నడుము దగ్గర నల్లటి పొక్కు ఒకటి కనిపించింది, నొప్పి లేదంటుంది. మాకు నిద్ర లేదు.
— ఒక తండ్రి, మదనపల్లె

అయ్యా, ఆ పొక్కును మీరు చూడటమే పెద్ద మేలు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి పిల్ల కుడితే వచ్చే జ్వరం ఒకటుంది, దాన్ని స్క్రబ్ టైఫస్ అంటారు. మన చిత్తూరు ప్రాంతపు డాక్టర్లకు బాగా తెలిసిన జబ్బే, వానలు వెనకబట్టాక ఎక్కువగా చూస్తాం. కుట్టినప్పుడు తెలియదు. వారం, పది రోజులు, ఒక్కోసారి మూడు వారాలకు జ్వరం వస్తుంది. కుట్టినచోట సిగరెట్ కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అది చంకలోనో, గజ్జలోనో, నడుము పట్టీ కిందో, చెవి వెనకో దాక్కుంటుంది కాబట్టి ఆడపిల్లలు మొహమాటంతో చూపించరు, అక్కడే రోజులు గడిచిపోతాయి. అమ్మాయిని రేపు పొద్దున్నే తీసుకెళ్లి డాక్టరుకు రెండు మాటలు చెప్పండి: పొదల్లో నడిచింది, పొక్కు ఉంది. డాక్సీసైక్లిన్ అనే పాత, చవక మందుకు ఈ జ్వరం తరచుగా రెండు రోజుల్లోనే దిగుతుంది. మందు మీరే కొని వేయకండి. ఊపిరి అందకపోయినా, మాట తడబడినా, కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా పొద్దుటిదాకా ఆగొద్దు, ఈ రాత్రే తీసుకెళ్లండి.

ఇకముందు నడిచొచ్చాక బట్టలు వెంటనే వేడినీళ్లలో ఉతికి, సబ్బుతో రుద్ది స్నానం చేయమనండి. పొదల మధ్య గడ్డిమీద పడుకోవద్దని కూడా చెప్పండి.

కాలిబాటలో పాము కరిస్తే పైన తాడు గట్టిగా కట్టాలని మా నాయన చెప్పేవాడు. స్కూలు పిల్లలను గుట్టకు తీసుకెళ్లాలి, చేతులు వణుకుతున్నాయి.
— ఒక ఉపాధ్యాయుడు, పుంగనూరు

మాష్టారూ, కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషపాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కదు. నాయన మాట ఆ కాలానిది, ఇప్పుడు తాడు కట్టొద్దంటున్నాం. కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. పిల్లవాణ్ని కదలనివ్వకుండా, కరిచిన కాలిని కర్రతో కదలకుండా కట్టి, మోసుకుని ఆసుపత్రికి చేర్చండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే విరుగుడు మందు కాబట్టి పామును పట్టుకోవడానికి, చంపడానికి ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు. కనురెప్పలు వాలినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా విషం ఎక్కినట్టే. పిల్లలకు బూట్లు వేయించండి, బండ సందుల్లో చేతులు పెట్టనివ్వకండి.

బాహుదా ఏట్లోనూ, గుట్టల మధ్య వంకల్లోనూ మోకాలి లోతు నీళ్లు దాటడం చిన్నప్పటి నుంచీ అలవాటే. 2021 వరదల తర్వాత మా ఆవిడ వంక దగ్గరికే వెళ్లనివ్వడం లేదు.
— ఒక టమోటా రైతు, మదనపల్లె

మీ ఆవిడ భయానికి కారణముంది. ఆ ఏడాది నవంబరు 19న చెయ్యేరుమీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లనే ముంచేసింది, మన బాహుదా నీళ్లూ చేరేది ఆ చెయ్యేరులోకే. అడుగున రాళ్లు కనిపిస్తూ, చీలమండ దాటని తేటనీళ్లయితే దాటొచ్చు. నీళ్లు ఎర్రబడినా, పుల్లలూ ఆకులూ తేలుతున్నా ఎగువన వాన పడిందన్నమాట, మీ నెత్తిన చినుకు లేకపోయినా సరే, గట్టుమీదే ఆగండి. పారే నీళ్లు మోకాలిదాకా ఉంటే పెద్దవాళ్లను కూడా పడేస్తాయి.

నాకు షుగర్. నడక మంచిదన్నారని గుట్టెక్కితే సగం దూరంలో వణుకు, చెమట, కళ్లు తిరగడం.
— ఒక రిటైర్డ్ గుమాస్తా, కుప్పం

అది షుగర్ పడిపోవడం. మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లలో తరచుగా చూసేదే, నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగితే పావుగంటలో తేరుకుంటారు. ఖాళీ కడుపుతో ఎక్కకండి, జేబులో బెల్లం ముక్క ఉంచుకోండి, మందు మోతాదు గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. ఇంటికొచ్చాక మంచి వెలుతురులో అరికాళ్లు చూసుకోండి. తుమ్మముల్లు దిగినా కొందరికి తెలియదు, అది చీము పట్టాక కాలికే ముప్పు.

గుట్టమీద పెద్ద బండకు తేనెపట్లు వేలాడుతున్నాయి. అటు వెళ్లాలంటే నాకూ మా చెల్లికీ హడల్.
— ఒక విద్యార్థిని, మదనపల్లె

వాటి జోలికి పోకపోతే అవి మీ జోలికి రావు. దగ్గర్లో పొగ పెట్టొద్దు, రాళ్లు విసరొద్దు, సెంటు పూసుకెళ్లొద్దు. లేచాయంటే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తండి. కుట్టినచోట వాపు, మంట మామూలే. పెదాలు, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి బిగుసుకున్నా, ఒకేసారి చాలా ఈగలు కుట్టినా ఆసుపత్రికే.

ఒంటరిగా నడవడం నాకు ఇష్టం. మొన్న దోవ తప్పి అరగంట తిరిగాను, ఏడుపొచ్చేసింది. ఇక వెళ్లొద్దా?
— ఒక నర్సు, పుంగనూరు

వెళ్లండి, తోడుతో వెళ్తే ఇంకా మంచిది. మేకల దోవలు ఎక్కడికక్కడ చీలిపోతాయి కాబట్టి దారి తప్పడం మన గుట్టల్లో ఎవరికైనా జరిగేదే, ఆ ఏడుపూ సహజమే. తప్పానని తెలిసిన క్షణమే కూర్చుని నీళ్లు తాగండి. గుర్తున్న చివరి చోటుకి వెనక్కి వెళ్లగలిగితేనే కదలండి, వంక వెంట మాత్రం దిగొద్దు, అది బండల అంచుకి తీసుకెళ్లి వదిలేస్తుంది. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా 112 నొక్కి చూడండి, వేరే కంపెనీ టవరు అందితే ఆ ఫోన్ కలుస్తుంది. ఎటు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరండి.