క్రైస్తవ రాక్ సంగీతము



మీలో కొందఱు పాశ్చాత్య క్రైస్తవ రాక్ గీతములను వినుచుండగా, తలిదండ్రులు "ఇది భక్తియా, కేకలా?" యని మమ్మడుగుచున్నారు. కావున దీని చరిత్రము నెఱుంగుట మేలు.

అమెరికాలో 1969వ సంవత్సరమున లారీ నార్మన్ వెలువరించిన 'అపాన్ దిస్ రాక్' అను గీతసంపుటి యీ మార్గమున మొదటివానిలో నొకటి. పిమ్మట 1980 ప్రాంతమున అచ్చటి నగరములందు పంక్ సంగీతమునుండి హార్డ్‌కోర్ పుట్టెను. ఇందు పాటలు పొట్టివి, లయ మిక్కిలి వడిగలది, గానము కేకవంటిది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణపు 'ది క్రూసిఫైడ్' బృందము ఆ ధ్వనితోనే క్రీస్తును ప్రకటించెను. ఇల్లినాయి రాష్ట్రమున 1984 మొదలు 2012 వఱకు ఏటేట జరిగిన కార్నర్‌స్టోన్ ఉత్సవమున నిట్టి బృందములకు వేదిక దొరకెను.

అందఱు నొప్పుకొనలేదు. 1987లో జిమ్మీ స్వాగర్ట్ అను ప్రసంగికుడు దీనిని ఖండించుచు గ్రంథము ప్రకటించెను. లోకపు బాణి లోకపు బుద్ధిని తెచ్చునని యిట్టివారి భయము. అది నిరాధారము కాదు. కేకలలో మాట వినబడనిచో వినువానికి బోధ యేది? అయినను పురుషోత్తమ చౌదరిగారు మన దేశపు రాగములలో క్రీస్తును కీర్తింపలేదా? రాగము పాత్రవంటిది, అందలి పదార్థమును చూడవలెను.

కాబట్టి బిడ్డలారా, పాట వినుటకు ముందు దాని మాటలను చదివి యర్థము గ్రహింపుడు. తలిదండ్రులారా, నిషేధించుటకు ముందు ఒక్కమాఱు బిడ్డలతో గూర్చుండి వినుడు. ఆ మీదటనే తీర్పు చెప్పుట న్యాయము.