తొంభై మోడల్ మియాటా, రెండు వేల డాలర్లు

చిరంజీవి కిరణ్‌కు,

డాలస్‌లో ఎమ్మెస్ చదువుతూ, పార్ట్‌టైమ్ డబ్బులు కూడబెట్టి 1990 మోడల్ మాజ్డా మియాటా కొన్నావని మీ నాన్న నీకంటే ముందే ఫోన్ చేసి మొత్తుకున్నాడు. ఆయన బాధ ఆయనది. కారు మాత్రం మంచిదే పట్టావు. చేతిలో రెండు వేల డాలర్లున్నాయి, పవర్ పెంచాలి, ఎక్కడ మొదలుపెట్టను అని అడిగావు కదా. ఆ డబ్బుకి కొత్త పవర్ పెద్దగా రాదురా. ఇన్నేళ్లలో ఆ ఇంజిన్ పోగొట్టుకున్నదాన్ని మాత్రం చాలావరకు వెనక్కి రాబట్టుకోవచ్చు. నా సలహా అంతా దాని గురించే.

1989లో షికాగో ఆటో షోలో చూపించినప్పుడు ఆ 1.6 లీటర్ల ఇంజిన్ బలం 116 హార్స్‌పవర్, అదీ 6500 ఆర్పీఎం దగ్గర. బండి బరువు టన్నుకు లోపే. మాజ్డా వాళ్లు బలాన్ని నమ్ముకుని చేసిన కారు కాదది, తేలికదనాన్ని నమ్ముకుని చేసింది. అప్పటి 116లో ఇప్పుడు ఎన్ని మిగిలాయో తెలియకుండా పైన పార్టులు తగిలించడం దండగ.

కాబట్టి ముందు కంప్రెషన్ టెస్ట్. గేజ్ కొననక్కర్లేదు, ఆటోపార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టి అరువు తెచ్చుకోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక ఫ్యూయల్, ఇగ్నిషన్ రెండూ ఆపేసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్టర్ తిప్పు. నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తగ్గితే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజినాయిల్ పోసి మళ్లీ చూడు. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో అనుమానించాలి.

తర్వాత బానెట్ ఎత్తి, క్రాంక్ పుల్లీని లైటు వేసి చూడు. నీ మోడల్‌కి ఇది ముఖ్యం. పుల్లీ మధ్య నాలుగు గాళ్లు కనిపిస్తే నీది మొదటి రకం పొట్టిముక్కు క్రాంక్. 1991 నడుమ దాన్ని మార్చారు, కొత్తదానికి ఎనిమిది గాళ్లుంటాయి. ఆ పొట్టిముక్కు దగ్గర బోల్ట్ సరిగ్గా బిగియకపోతే కీ కూర్చునే గాడి అరిగి, పుల్లీ వంకరగా ఊగి, టైమింగ్ తప్పుతుంది. కారు నీరసపడిందని జనం ఎయిర్ ఫిల్టర్లు మారుస్తుంటారు, రోగం ఇక్కడుంటుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు పుల్లీ ఊగుతుంటే నీ రెండు వేలూ జేబులోనే ఉంచు. ముందు తేలాల్సింది ఆ సంగతే.

అలాగే వెనక చక్రాలు జాకీ మీద లేపి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, చేత్తో తిప్పు. ఈ కార్లలో వెనక బ్రేక్ క్యాలిపర్లు పట్టేయడం మామూలే. రేడియేటర్ పైన ప్లాస్టిక్ ట్యాంక్ కూడా చూడు. నల్లగా ఉండాల్సింది గోధుమరంగుకి తిరిగితే దాని ఆయుష్షు అయిపోయినట్టే. టెక్సస్ ఎండలో అది పగిలిందంటే హెడ్ గాస్కెట్టు కూడా పోతుంది. టైమింగ్ బెల్ట్ అరవై వేల మైళ్లకోసారి మార్చాలి. పాత యజమాని బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క.

ఇవన్నీ బాగున్నాక ఒక ముచ్చట తీర్చుకో. ఫ్యాక్టరీలో పెట్టిన ఇగ్నిషన్ టైమింగ్ పది డిగ్రీలు. మియాటావాళ్లు చాలామంది పద్నాలుగుకి జరుపుతారు. డ్రైవర్ వైపున్న డయగ్నోస్టిక్ డబ్బాలో టెన్, గ్రౌండ్ అన్న రెండు టెర్మినల్సునీ తీగముక్కతో కలుపు. టైమింగ్ లైట్ క్లిప్పు ఒకటో సిలిండర్ వైరుకి తగిలించు. హెడ్ వెనకున్న క్యామ్ యాంగిల్ సెన్సర్‌కి పన్నెండు నంబర్ బోల్ట్ ఒకటుంటుంది, దాన్ని కాస్త వదులు చేసి, పుల్లీ గీతని లైటులో చూసుకుంటూ సెన్సర్‌ని వెంట్రుకవాసి తిప్పు. బిగించాక తీగముక్క తీయడం మర్చిపోకు. ఇక రెగ్యులర్ పెట్రోల్ మానేసి ప్రీమియం పోయించాలి, ఖర్చంతా అదే. పవర్ కొలిచే డైనో మీద అంకె పెద్దగా మారదు గానీ, తక్కువ ఆర్పీఎంలో కాలికింద తెలుస్తుంది. ఒక జాగ్రత్త: ఈ ఇంజిన్‌కి నాక్ సెన్సర్ లేదు. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కినప్పుడు కిటకిటమని వినిపిస్తే వెంటనే వెనక్కి జరుపు. విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీలు పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజిన్‌కీ, రెండో కొన చెవికీ ఆనించి రోగం చెప్పేవాళ్లు. నీ చెవినీ అంతలా తయారుచేసుకో.

ఇక నువ్వు పంపిన షాపింగ్ లిస్టు. బానెట్ కింద తెరిచిపెట్టే కోన్ ఫిల్టర్ కొట్టెయ్. దాని మోత బలంలా వినిపిస్తుంది, అంతే. గాలి మూడు డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం పల్చబడుతుంది. బయటి గాలికంటే బానెట్ కింద గాలి ఇరవై డిగ్రీలు ఎక్కువుంటే ఆరేడు శాతం పవర్ అక్కడే పోయింది. బయటి చల్లగాలి తెచ్చే గొట్టం ఉంటేనే ఆ ఖర్చుకి అర్థం. ఎగ్జాస్ట్ హెడర్ కూడా వద్దు, 1.6కి కంపెనీ వేసిందే నయంగా ఉంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయమని ఎవడైనా చెప్తే వినకు. అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడివి.

టర్బో అంటావా, అన్నప్రాసన రోజే ఆవకాయ అన్నట్టుంటుంది. కిట్ ధర చూసి మోసపోకు. దాని వెనకే ఇంజెక్టర్లు, కంప్యూటర్, క్లచ్, రేడియేటర్ క్యూ కడతాయి. పైగా 1.6 కార్ల డిఫరెన్షియల్ సన్నది, టర్బో తోపుకి విరిగిపోతుంది. అంతగా మనసైతే చదువయ్యాక, ఉద్యోగం వచ్చాక, 1994 నుంచి వచ్చిన 1.8 ఇంజినూ దాని డిఫరెన్షియలూ కలిపి దించుకో. అదే కుటుంబం ఇంజిన్ కాబట్టి ఆ చోట్లోనే కూర్చుంటుంది.

మరో మాట. ఈ ఇంజిన్ గరిష్ఠ టార్క్ వంద పౌండ్ అడుగులు, 5500 ఆర్పీఎం దగ్గర. టార్క్‌ని ఆర్పీఎంతో హెచ్చించి 5252తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. నువ్వు నాలుగు వేలకే గేర్ మార్చేస్తున్నావనుకో, అప్పటికి ఎనభై కూడా అందుకోలేదు. మిగిలినవన్నీ ఆ పైన, 6500 దాకా ఉన్నాయి. వాటిని రోడ్డు మీద వెతక్కు. ఎస్‌సీసీఏ అనే కార్ల క్లబ్బు వాళ్ల ఆటోక్రాస్‌కి వెళ్లు, ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్ల మధ్య తొక్కిచూడు. కొత్త టైర్లు, మంచి బ్రేక్ ప్యాడ్లు వేసుకుని వెళ్లు. రెండు వేలలో పెద్ద వాటా వాటికే పోవాలి.

డైనో మీద పెట్టిస్తే చక్రాల దగ్గర వందకి అటూఇటూ చూపిస్తుంది, కంగారుపడకు. 116 అన్నది ఇంజిన్ దగ్గరి లెక్క.

ఈ వారాంతం కంప్రెషన్ చూసి నాలుగు అంకెలూ పంపు, పుల్లీ ఫొటో కూడా జత చెయ్. అవి వచ్చేదాకా ఏ పార్టూ ఆర్డర్ పెట్టకు.

ఇట్లు,
నీ బాబాయి