వార్ధక్యమును జ్ఞాపకశక్తియు

ఏబది యేండ్ల క్రిందటి పెండ్లి ముచ్చటలను పూసగ్రుచ్చినట్లు చెప్పు తాతగారు, ఇప్పుడే బల్లమీద పెట్టిన కండ్లజోడును మరచి యిల్లంతయు వెదకుచుందురు. పిల్లలు నవ్వుదురు, పెద్దలు విసుగుకొందురు. వయస్సుతో వచ్చు నీ మరపునకు కారణమేమి? మెదడు కొంచెము కొంచెముగ నశించిపోవుచున్నదా? ఈ ప్రశ్నకు కోతులవలన కొంత సమాధానము లభించినది.

రీసస్ అను కోతి ఉత్తర హిందూస్థానమున విరివిగ సంచరించును. దాని మెదడు మన మెదడుకంటె మిగుల చిన్నదైనను నిర్మాణమున దానిని పోలియుండును. ఆ జంతువునకు వార్ధక్యము మనకంటె నించుమించు మూడురెట్లు వేగముగ వచ్చును. 25 ఏండ్ల కోతి 75 ఏండ్ల మనుష్యునివంటిదని చెప్పవచ్చును.

దాని జ్ఞాపకశక్తిని పరీక్షించు విధమిది. కోతి యెదుట రెండు గుంటలుగల పలక నుంచి, అది చూచుచుండగా నొక గుంటలో తినుబండారమును పెట్టి, రెండింటిని ఒకే విధమైన మూతలతో కప్పుదురు. పిమ్మట నడుమ తెర దించి, కొన్ని సెకండ్లు తాళి, మరల నెత్తుదురు. సరియైన మూతను తీసినచో తినుబండారము దానిదే. కంటికి కనబడని దానిని మనస్సున పట్టియుంచుటయే యిందలి కష్టము.

మెదడు ముందుభాగమును రెండువైపుల తీసివేసిన కోతులు ఈ పరీక్షలో తప్పిపోవునని 1935 ప్రాంతమున అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమందు కార్లయిల్ జాకబ్సన్ అను పండితుడు కనుగొనెను. ఆ భాగమందలి కొన్ని నాడీకణములు కోతి వేచియున్నంతసేపును ఎడతెగక విద్యుత్సంకేతములను పంపుచుండుటను 1971 లో ఫ్యూస్టర్, అలెగ్జాండర్ అనువారు గాంచిరి. చేయి యడ్డుపెట్టి దీపమును ఒక గదినుండి మరియొక గదికి గొనిపోవునట్లు, ఈ కణములు ఒకదానికొకటి సంకేతము లిచ్చుకొనుచు జ్ఞాపకమును ఆరిపోకుండ కాపాడును.

వేచియుండు కాలము పెరిగినకొలది ముసలికోతులు ఎక్కువగ తప్పును. అయినను అన్నియు నొకే రీతిగ తప్పవు. కొన్ని పడుచుకోతులకు తీసిపోవు.

వార్ధక్యమున నాడీకణములు విశేషముగ చచ్చిపోవునని పూర్వము శాస్త్రజ్ఞులు తలచిరి. మేలైన లెక్కింపు పద్ధతులు వచ్చిన పిమ్మట, ముసలికోతుల మెదడు పైపొరయందలి కణములు చాలవరకు నిలిచియే యున్నవని తేలినది. చెడునవి వేరు. కణములు ఒకదానితో నొకటి కలిసికొను సన్నని ముండ్లవంటి మొనలు తగ్గును. నాడీతంతువులను కప్పియుండు మైలిన్ అను కొవ్వుతొడుగు శిథిలమగును. కణములున్నవి, వానిమధ్య సంభాషణము బలహీనమైనది.

2011 లో యేల్ విశ్వవిద్యాలయమందు మిన్ వాంగ్, ఏమీ ఆర్న్‌స్టెన్ మొదలగువారు పడుచు, నడివయసు, ముసలి కోతులను పోల్చిచూచిరి. జ్ఞాపకమును నిలుపు కణముల సంకేతములు వయస్సుతోపాటు క్షీణించుచుండెను. కాని యా కణములయొద్ద కొన్ని మందులను అత్యల్పముగ చేర్చినప్పుడు సంకేతములు మరల బలపడెను! ఇది మనుష్యుల మరపునకు ఔషధము దొరకినట్లు కాదు. అయినను వార్ధక్యమున కలుగు క్షీణత యంతయు మరలింపరానిది కాదని తెలుపుచున్నది.

అల్జీమర్ వ్యాధి వేరు. అందు కణములు నిజముగనే నశించును. ఇంటిదారిని, కన్నబిడ్డల పేళ్లను మరచుచున్న వృద్ధులను వైద్యునికి చూపవలెను గాని, వయోధర్మమని యూరకుండరాదు.

విద్యార్థులారా! తాతగారు కండ్లజోడు వెదకునప్పుడు, వారి మెదడు శూన్యమైనదని తలపకుడు. దీపమింకను వెలుగుచునే యున్నది, గాలికి తొణకుచున్నదంతే. ఒకేసారి పది మాటలు చెప్పక, ఒక్కొక్కటిగ నెమ్మదిగ చెప్పుడు. వారు బదులు చెప్పులోపల తొందరపెట్టకుడు. ఆ దీపమునకు మీ యోర్పే యడ్డుపెట్టిన చేయి.