రోడ్డు మీది గుణింతాలు
(పర్మిట్ పరీక్షకు వెళ్ళే పిల్లలకూ, పక్క సీట్లో కూర్చునే అమ్మానాన్నలకూ ఒక పాఠం)

మన బడిలో అ, ఆ లు దిద్దిన పిల్లల్లో చాలామంది ఇప్పుడు హైస్కూలుకు వచ్చేశారు. "నా పర్మిట్ ఎప్పుడు?" అన్న ప్రశ్న ఆ ఇళ్ళలో రోజూ వినపడుతూనే ఉంటుంది. మనం ఉంటున్న వర్జీనియాలో పదిహేనున్నర ఏళ్ళు నిండితే లెర్నర్స్ పర్మిట్ పరీక్ష రాయవచ్చు. ఆ పరీక్షలో అందరినీ ముందుగా నిలబెట్టేవి రోడ్డు గుర్తులు. అందుకే ఈ సంచికలో వాటి గురించి ఒక పాఠం చెప్పుకుందాం.

పరీక్ష రెండు భాగాలు. మొదటి భాగంలో గుర్తుల మీద 10 ప్రశ్నలు ఉంటాయి. పదికి పదీ సరిగ్గా చెప్పాలి. తొమ్మిది చెప్పినా రెండో భాగంలోకి వెళ్ళనివ్వరు. రెండో భాగంలో మిగతా నియమాల మీద ప్రశ్నలుంటాయి. అక్కడ నూటికి 80 వస్తే చాలు. (వేరే రాష్ట్రాల్లో ఈ లెక్కలు వేరుగా ఉంటాయి. అక్కడి బంధువుల పిల్లలకు చెప్పేటప్పుడు వాళ్ళ రాష్ట్రం పుస్తకమే చూడమనండి.)

నియమాల దగ్గర కాస్త చూసీ చూడనట్టు పోయే డీఎమ్‌వీ వారు గుర్తుల దగ్గర ఇంత పట్టుదలగా ఎందుకున్నారు? చిన్న లెక్క వేసి చూడండి. గంటకు 60 మైళ్ళ వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 88 అడుగులు దాటుతుంది. బోర్డు దగ్గరకు వచ్చాక అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే తీరిక అక్కడ ఉండదు. చూడగానే కాలు బ్రేకు మీదకు పోవాలి. అంటే గుర్తును చదవడం కాదు, గుర్తు పట్టడం కావాలన్నమాట.

మరి అన్ని గుర్తులూ బట్టీ పట్టాలా? అక్కర్లేదు. క గుణింతం వస్తే గ గుణింతం దానంతట అదే వస్తుందని మన పిల్లలకు తెలుసు. రోడ్డు గుర్తులూ అంతే. ఆకారానికి ఒక అర్థం, రంగుకు ఒక అర్థం. రెండూ కలిపితే బోర్డు మీద ఏముందో చదవకముందే సగం సంగతి తెలిసిపోతుంది.

ఒకటో పాఠం: ఆకారాలు

1915లో డెట్రాయిట్ నగరంలో పెట్టిన స్టాప్ బోర్డు తెల్ల పలక మీద నల్ల అక్షరాలతో ఉండేది. ఎనిమిది మూలలూ లేవు, ఎరుపూ లేదు. 1923లో మిసిసిపీ లోయ ప్రాంతపు రాష్ట్రాల హైవే శాఖల వారు కూర్చుని ఒక పద్ధతి ఆలోచించారు. చీకట్లో అక్షరాలు కనపడకపోయినా ఆకారం కనపడాలి. కాబట్టి పలకకు ఎన్ని ఎక్కువ భుజాలుంటే అక్కడ అంత ఎక్కువ ప్రమాదం అని పెట్టుకున్నారు. గుండ్రానికి లెక్కలేనన్ని భుజాలున్నట్టే కదా! అందుకని అన్నిటికన్నా ప్రమాదమైన రైలు పట్టాలకు గుండ్రం ఇచ్చారు. తర్వాతది ఎనిమిది భుజాలు, ఆగడానికి. ఆ తర్వాత నాలుగు భుజాలు. ఈ తర్కం తెలిస్తే మరచిపోవడం కష్టం.

పిల్లలూ, త్రి అంటే మూడు, పంచ అంటే ఐదు, అష్ట అంటే ఎనిమిది. ఇవి గుర్తుంచుకుని కింది జాబితా చదవండి.

అష్టభుజి: ఆగుము. ఈ ఆకారం ఇంకే గుర్తుకూ ఇవ్వలేదు. మంచు కప్పి అక్షరాలు కనపడకపోయినా, వెనక నుంచి చూసినా అది స్టాపే. స్కూలు బస్సు పక్క నుంచి తెరుచుకునే పలక కూడా అష్టభుజే.

తలకిందులుగా ఉన్న త్రిభుజం: దారి ఇమ్ము. ఓక్లహోమా రాష్ట్రం టల్సా నగరంలో క్లింటన్ రిగ్స్ అనే పోలీసు అధికారి ఆలోచనతో 1950లో ఈ గుర్తు మొదలైంది. అవతలివాళ్ళు వస్తుంటే ఆగాలి, రాకపోతే మెల్లగా చూసుకుని వెళ్ళాలి.

వృత్తం: ముందు రైలు పట్టాలున్నాయి. పసుపు గుండ్రంలో నల్లటి ఇంటూ గుర్తు, రెండు ఆర్ అక్షరాలు ఉంటాయి. పట్టాల దగ్గరకు వచ్చాక రెండు తెల్ల పలకలు ఇంటూ ఆకారంలో నిలబడి ఉంటాయి.

పంచభుజి: బడి. చిన్న పిల్లలు గీసే ఇంటి బొమ్మలా ఉంటుంది.

మూల మీద నిలబెట్టిన చతురస్రం: హెచ్చరిక. పండక్కి తెచ్చుకునే కాజూ కత్లీని గుర్తు చేసుకోండి. ముందు మలుపు, జారే రోడ్డు, జింకలు, రెండు లేన్లు కలవడం, ఇలాంటివన్నీ ఈ ఆకారంలోనే చెబుతారు.

పక్కకు మొన తిరిగిన జెండా: ముందు బండిని దాటవద్దు. ఇది రోడ్డుకు ఎడమ వైపున ఉంటుంది. దాటాలనుకునేవాడి చూపు అటే ఉంటుంది కదా, అందుకు.

దీర్ఘచతురస్రం: సాధారణంగా నిలువుగా ఉంటే నియమం, అడ్డంగా ఉంటే దారి సమాచారం.

ఇక్కడ పెద్దలకు ఒక చిక్కుంది. మన దేశంలో హెచ్చరికలు ఎర్ర అంచున్న త్రిభుజంలోను, నిషేధాలు, వేగపరిమితులు ఎర్ర అంచున్న గుండ్రంలోను ఉంటాయి. ఇక్కడ హెచ్చరికలు పసుపు పలక మీద, వేగపరిమితి తెల్ల పలక మీద. ఆగుము, దారి ఇమ్ము, ఈ రెండు ఆకారాలు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. కాబట్టి పాత జ్ఞాపకంతో పిల్లలకు చెప్పకుండా, వాళ్ళతో కలిసి మనమూ మళ్ళీ ఓనమాలు దిద్దుకోవడం మంచిది.

రెండో పాఠం: రంగులు

ఎరుపు: ఆగు, లేదా వద్దు. స్టాప్ బోర్డు ఎరుపు కావడానికి 1954 దాకా పట్టింది. అంతకు ముందు చాలా ఏళ్ళు అది పసుపే. ఎండకూ వానకూ వెలిసిపోని ఎర్ర రంగు అప్పట్లో దొరక్కపోవడమే కారణం.

పసుపు: జాగ్రత్త, ముందు ఏదో ఉంది.

చిలకపచ్చలో పసుపు కలిపినట్టు మెరిసే రంగు: బడి పిల్లలు, నడిచేవాళ్ళు, సైకిళ్ళు. తెల్లవారుజామున, మబ్బు పట్టినప్పుడు కూడా ఇది కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

నారింజ: రోడ్డు పని జరుగుతోంది. అక్కడ మనుషులు నిలబడి పనిచేస్తున్నారని గుర్తు.

తెలుపు: నియమం. వేగపరిమితి, ఒకవైపు దారి వంటివి.

ఆకుపచ్చ: ఊళ్ళ పేర్లు, దూరాలు, దిగే దారులు.

నీలం: తిండి, పెట్రోలు, ఆసుపత్రి.

గోధుమరంగు: పార్కులు, చారిత్రక స్థలాలు.

ఇప్పుడు గుణింతం కట్టండి. నాలుగు మూలల హెచ్చరిక ఆకారం, నారింజ రంగు. ఏమిటి? ముందు రోడ్డు పని ఉంది, జాగ్రత్త! చూశారా, ఒక్క అక్షరం చదవకుండానే జవాబు వచ్చేసింది.

మూడో పాఠం: గీతలు

1911లో మిషిగన్ రాష్ట్రం వేన్ కౌంటీలో ఎడ్వర్డ్ హైన్స్ అనే ఆయన రోడ్డు నడుమ గీత గీయించాడు. కారుతున్న పాలబండి వెనక తెల్లటి చార చూసి ఆయనకు ఆ ఆలోచన తట్టిందని చెబుతారు. 1971 నాటి కేంద్ర నియమావళితో దేశమంతటా ఒకే పద్ధతి స్థిరపడింది. దాన్ని రెండు వాక్యాల్లో చెప్పవచ్చు.

పసుపు గీతకు అటూ ఇటూ బండ్లు ఎదురెదురుగా పోతాయి. తెల్ల గీతకు అటూ ఇటూ ఒకే దిక్కుకు పోతాయి.

ఇక గీత తెగి తెగి ఉంటే, ఖాళీ ఉన్నప్పుడు దాటవచ్చు. తెగకుండా ఉంటే దాటకూడదు. రెండు పసుపు గీతల్లో ఒకటి తెగి, ఒకటి నిండుగా ఉంటే? తెగిన గీత ఎవరి పక్కన ఉందో వాళ్ళకే దాటే అనుమతి. రోడ్డు నడుమ లేన్‌కు రెండు వైపులా బయట నిండు గీత, లోపల తెగిన గీత ఉంటే, అది రెండు వైపుల వాళ్ళూ ఎడమకు తిరగడానికి ఆగే చోటు. ముందు బండిని దాటడానికి కాదు సుమా!

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. పసుపు గీత ఎప్పుడూ మన ఎడమ చేతి వైపే ఉండాలి. మధ్యలో డివైడర్ ఉన్న హైవేల మీద కూడా ఎడమ అంచు పసుపు, కుడి అంచు తెలుపు. రాత్రి పూట ఏదో ర్యాంప్ ఎక్కాక పసుపు గీత కుడి పక్కన కనిపించిందంటే మనం ఎదురుగా వచ్చే బండ్ల దారిలో ఉన్నట్టే. వెంటనే వేగం తగ్గించి, అంచుకు తీసి ఆగాలి. ఎడమ పక్కన నడపడం అలవాటైన దేశం నుంచి వచ్చిన తాతయ్యలకూ, కొత్తగా దిగిన పిన్నీ బాబాయిలకూ ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

కూడలి దగ్గర అడ్డంగా ఉన్న లావుపాటి తెల్ల గీత దగ్గరే ఆగాలి, దాని మీద కాదు. ఆ గీత లేకపోతే నడిచేవాళ్ళ దారికి ముందు, అదీ లేకపోతే కూడలిలోకి పోకముందు. రోడ్డు మీద తెల్లటి చిన్న త్రిభుజాలు వరసగా మొనలు మన వైపు తిప్పి ఉంటే అక్కడ దారి ఇవ్వాలి.

రోడ్డు మీద రాసిన అక్షరాలు అంత పొడుగ్గా ఎందుకుంటాయి? కారులో మనం కిందుగా కూర్చుని ఏటవాలుగా చూస్తాం కనుక మామూలు అక్షరాలు నలిగిపోయినట్టు కనిపిస్తాయి. సాగదీసి రాస్తేనే సరిగ్గా కనపడతాయి. రెండు మాటలుంటే, మనకు ముందు తగిలే మాటే మొదటిది. అంటే కింది నుంచి పైకి చదవాలన్నమాట.

పక్క సీటు పాఠం

పర్మిట్ వచ్చాక వర్జీనియాలో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు తొమ్మిది నెలలు ఆగాలి. ఆ లోగా 45 గంటలు నడపాలి. అందులో 15 గంటలు పొద్దుగూకాక. అన్ని గంటలూ నడిపారని సంతకం పెట్టేది అమ్మానాన్నలే. గుర్తులన్నీ పదికి పది చెప్పిన పిల్ల స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగితే, పక్కనుంచి మనం "ఎవరూ లేరుగా, పోనీయమ్మా" అంటే ఏమవుతుంది? చదివిన పాఠం కన్నా విన్న మాటే నిలిచిపోతుంది. చక్రాలు పూర్తిగా నిలిచాకే అది ఆగడం. నాలుగు వైపులా స్టాప్ ఉన్న చోట ముందు వచ్చినవాళ్ళు ముందు. ఇద్దరు ఒకేసారి వస్తే కుడి పక్కవాళ్ళు ముందు.

మాటల్లోనూ జాగ్రత్త అవసరం. "ఎడమకేనా నాన్నా?" అని పిల్లాడు అడిగితే మనం అలవాటుగా "రైట్!" అంటాం. వాడు కుడికి తిప్పుతాడు! పైగా మన ఆర్టీసీ బస్సులో "రైట్ రైట్" అంటే పోనివ్వమని అర్థం. కాబట్టి కారు కదలకముందే మాటలు నిర్ణయించుకోండి. దిక్కుకు కుడి, ఎడమ. ఒప్పుకు "అవును". ఆపడానికి "ఆగు". తగ్గించడానికి "నెమ్మది". ఈ చిన్న మాటలు మన పిల్లలకు బాగా తెలిసినవే.

లైట్లూ అంతే. మన ఊళ్ళలో ఎదుటి బండి లైట్లు కొడితే "నేనొస్తున్నా, ఆగు" అని. ఇక్కడ చాలాసార్లు "నువ్వు వెళ్ళు" అని. ఒకే వెలుగుకు రెండు అర్థాలు కనుక లైట్లను నమ్మి కదలవద్దు. దారి ఖాళీ అయిందో లేదో కళ్ళతో చూసుకునే వెళ్ళాలి. లారీల వెనక "సౌండ్ హారన్" చదివి పెరిగిన మనం, ఇక్కడ హారన్ ప్రమాదం తప్పించడానికే అని కూడా పిల్లలకు చెప్పాలి.

ఇంటి పని

వచ్చే వారం బడికి వచ్చేటప్పుడు కారులో ఈ ఆట ఆడండి. పర్మిట్ వయసు రాని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కూడా ఆడవచ్చు. కనిపించిన ప్రతి గుర్తుకూ ఆకారం, రంగు, అర్థం, మూడూ తెలుగులో చెప్పాలి. "అష్టభుజి, ఎరుపు, ఆగుము." మూడూ చెబితే ఒక మార్కు. నడిపేవాళ్ళు మాత్రం ఆటలో కలవకూడదు, వాళ్ళ పని రోడ్డు చూడడం.

జవాబులు చూడకుండా ఈ నాలుగూ ప్రయత్నించండి.

1. పంచభుజి దేనికి గుర్తు?
2. పసుపు గీత కుడి వైపు కనిపిస్తే అర్థం ఏమిటి?
3. గోధుమరంగు బోర్డు ఏం చెబుతుంది?
4. జెండా ఆకారపు గుర్తు ఏ వైపు ఉంటుంది?

(జవాబులు: 1. బడి. 2. ఎదురు దారిలో ఉన్నాం. 3. పార్కులు, చారిత్రక స్థలాలు. 4. ఎడమ.)

ఆ 45 గంటలూ ఫోను ముట్టుకోకుండా, టీవీ లేకుండా, పక్కపక్కనే కూర్చుని గడిపే గంటలు. హైస్కూలు పిల్లలతో అంత సమయం మనకు మళ్ళీ దొరకడం కష్టం. ఓపికగా కూర్చుందాం. కేకలు వేయకుండా చెబుదాం. పర్మిట్ పరీక్షకు వెళ్తున్న మన పిల్లలందరికీ పదికి పది రావాలనీ, ప్రతి ప్రయాణం నుంచీ క్షేమంగా ఇంటికి చేరాలనీ ఆశీర్వదిస్తున్నాం.

శుభమస్తు!