బండ్లు వచ్చాయి, మనుషులే కావాలి

2020 జులై 1న విజయవాడలో ఒక్కరోజే 1,088 వాహనాలు బారులు తీరి కదిలాయి. 108 అంబులెన్సు, 104 సంచార వైద్య సేవలకు కలిపి తెచ్చిన బండ్లవి. డబ్బుంటే అంబులెన్సులు నెలల్లో వస్తాయి. కుదుపుల మధ్య రోగి చేతికి నరం వెతికి సెలైన్ ఎక్కించగల మనిషి తయారవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. అత్యవసర వైద్యంలో అసలు కొరత అక్కడే. నీట్ ర్యాంకు రాలేదని దిగులుపడే బైపీసీ విద్యార్థులు చూడాల్సిన దారి కూడా అదే.

హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండిలో సాధారణంగా ఇద్దరే ఉంటారు: నడిపే పైలట్, రోగిని చూసుకునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ (ఈఎంటీ). మెడ కదలకుండా కాలర్ బిగించడం, బీపీ, షుగర్, ఆక్సిజన్ చూడటం, కాల్ సెంటర్ డాక్టరుతో ఫోన్లో మాట్లాడుతూ మందు ఇవ్వడం ఈఎంటీ పని. ఏజెన్సీ ఘాట్‌రోడ్లలో కాన్పులూ చేయాల్సి వస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. గాయపడిన తర్వాతి తొలి గంటను మోటారు వాహనాల చట్టమే ‘గోల్డెన్ అవర్’గా గుర్తించింది. ఆ గంటలో రోగికి ముందుగా అందేది చాలాసార్లు ఈఎంటీ చెయ్యే.

ఇంతకాలం లైఫ్ సైన్సెస్ డిగ్రీ, నర్సింగ్ వంటివి చదివినవాళ్లకు స్వల్పకాల శిక్షణ ఇచ్చి బండి ఎక్కించారు. 2021లో వచ్చిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం అత్యవసర వైద్యం అందించే పారామెడిక్‌ను ప్రత్యేక వృత్తిగా గుర్తించింది. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీలో బీఎస్సీ సాధారణంగా మూడేళ్లు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. హైదరాబాద్ నిమ్స్‌లో ఎమర్జెన్సీ, ట్రామా కేర్ కోర్సు ఉంది. నర్సులకు ఎమర్జెన్సీ, డిజాస్టర్ నర్సింగ్‌లో పోస్ట్ బేసిక్ డిప్లొమా, ఎంబీబీఎస్ చేసినవాళ్లకు ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ఎండీ ఉన్నాయి. ఈ ఎండీకి మన దేశంలో గుర్తింపు దక్కిందే 2009లో. అంటే సీనియర్ల వరుస ఇంకా పొట్టిగానే ఉంది, పైకి ఎదగడానికి చోటు బాగా ఉంది.

కష్టాలు దాచడం విద్యార్థులకు అన్యాయం. పన్నెండు గంటల డ్యూటీలు, కాంట్రాక్టు ఉద్యోగం, చాలీచాలని జీతం చాలామందిని మధ్యలోనే ఈ పని మానిపిస్తున్నాయి. ఎనిమిది గంటల షిఫ్టు కోసం సిబ్బంది ఏళ్లుగా అడుగుతున్నారు. అది న్యాయమైన కోరిక. అలసిన చేతులు రోగికీ ప్రమాదమే.

కోర్సులో చేరేముందు కాలేజీకి అనుబంధంగా రద్దీ ఉన్న క్యాజువాలిటీ ఉందో లేదో చూడాలి, అంబులెన్సులో ఎన్నాళ్లు తిప్పుతారో అడగాలి. ప్రాణరక్షణ శిక్షణకు ఇచ్చే బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ సర్టిఫికెట్లు రెండేళ్లకోసారి కొత్తగా తెచ్చుకోవాలి. విదేశాలపై కన్నుంటే అక్కడి రిజిస్ట్రేషన్ నిబంధనలు ముందే తెలుసుకోవాలి. బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తుల నియంత్రణ మండలి హెచ్‌సీపీసీలో నమోదు లేకుండా పారామెడిక్ అని చెప్పుకోవడానికే వీల్లేదు.